మూడు హోస్టులకు ఒకే సర్వర్ నుంచి ఐస్కజీ బ్లాక్ స్టోరేజ్: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కొత్తర్యాక్ | సోమవారం 10:12

నమస్తే అందరికీ. మా దగ్గర వర్చువల్ మెషీన్లు నడిపే హోస్టులు మూడు ఉన్నాయి, మూడింటిలోనూ ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్). ఇప్పటిదాకా ఏ హోస్టు మెషీన్లు ఆ హోస్టు లోపలి డిస్కుల మీదే ఉండేవి. పోయిన నెల ఒక హోస్టు మదర్‌బోర్డు పోయింది. డిస్కులు బాగానే ఉన్నాయి, డేటా బాగానే ఉంది, కానీ వాటిని ఊడదీసి ఇంకో పెట్టెలో బిగించి మళ్ళీ నడిపించేసరికి ఒక పూటంతా పోయింది. అందుకే డిస్కులన్నీ ఒక స్టోరేజ్ సర్వర్‌లో పెట్టి, అక్కణ్ణుంచి మూడు హోస్టులకూ నెట్‌వర్క్ మీద ఇద్దామనుకుంటున్నాం. 12 డిస్కులు పట్టే సర్వర్ ఒకటి, ప్రతి పెట్టెలో రెండేసి 10 గిగాబిట్ పోర్టులు, స్విచ్ ఒకటి ఉన్నాయి. నెట్‌వర్క్ మీద డిస్కులిచ్చే ఐస్కజీ పద్ధతి గురించి చదివాను గానీ టార్గెట్, ఇనిషియేటర్, లన్ అన్నీ కలగాపులగం అయిపోయాయి. రెండు పోర్టులనూ బాండ్ చేసేస్తే, అంటే ఒక్క పోర్టులా కలిపేస్తే, సరిపోతుందా?

డిస్కుల_లెక్క | సోమవారం 10:50

ముందు ఆ మూడు మాటలు తేల్చేద్దాం అండీ. డిస్కు ఇచ్చే పెట్టె టార్గెట్, అడిగి వాడుకునే హోస్టు ఇనిషియేటర్, టార్గెట్ బయటికి చూపించే ఒక్కో డిస్కు లన్. మామూలుగా కేబుల్ మీద డిస్కుకు వెళ్ళే స్కజీ కమాండ్లనే టీసీపీలో చుట్టి 3260 పోర్టు మీద పంపడం, ఐస్కజీ అంటే అంతే. కొత్తదేమీ కాదు, 2004లోనే ప్రామాణికం అయింది. లినక్స్ కెర్నెల్‌లో ఎల్‌ఐఓ అనే టార్గెట్ 2011 నుంచీ ఉంది, టార్గెట్‌సీఎల్ఐ అనే పనిముట్టుతో దాన్ని అమర్చుకోవచ్చు.

ఒక్క సంగతి మాత్రం మొదటి రోజే బుర్రలో నాటుకోవాలి. హోస్టుకు అది ఉత్త డిస్కులాగే కనిపిస్తుంది. అవతల ఇంకో హోస్టు కూడా అదే డిస్కును పట్టుకుని ఉందన్న సంగతి దానికి తెలియదు, ఎవరూ చెప్పరు. ఫైలు స్టోరేజ్‌లో అయితే ఫైల్‌సిస్టమ్ సర్వర్ దగ్గరే ఉంటుంది కాబట్టి ఎవరు ఏ ఫైలు రాస్తున్నారో సర్వరే చూసుకుంటుంది. బ్లాక్ స్టోరేజ్‌లో ఆ కాపలా ఉండదు.

ఇంకొకటి, ఇది మీకు నచ్చకపోవచ్చు. ఇప్పుడు ఒక హోస్టు పోతే మూడో వంతు మెషీన్లు పోతాయి. రేపు ఆ స్టోరేజ్ సర్వర్ పోతే అన్నీ ఒకేసారి ఆగుతాయి. కాబట్టి దానికి రెండు పవర్ సప్లైలు, ఒక డిస్కు పోయినా తట్టుకునే అమరిక, అన్నిటికంటే ముందు వేరే పెట్టెలో బ్యాకప్. ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు.

తీగల_మనిషి | సోమవారం 11:35

బాండ్ వద్దు అన్నా. నిజానికి బాండ్ తప్పేం కాదు, దాని మీద నడిపేవాళ్ళు ఉన్నారు, కానీ మీరు అనుకున్న లాభం రాదు. ఎల్‌ఏసీపీ (పోర్టులను కలిపే ప్రామాణిక పద్ధతి) బాండ్‌లో ఒక టీసీపీ కనెక్షన్ ఎప్పుడూ ఒకే తీగ మీద వెళ్తుంది. ఐస్కజీ సెషన్ మామూలుగా ఒక టీసీపీ కనెక్షనే. అంటే రెండు తీగలు బిగించినా ఒక హోస్టుకు ఒక తీగ వేగమే.

దీనికి సరైన దారి మల్టీపాత్. రెండు పోర్టులను రెండు వేర్వేరు వీల్యాన్లలో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు), రెండు వేర్వేరు సబ్‌నెట్లలో (ఐపీ చిరునామాల గుంపులు) పెట్టండి. హోస్టు మొదటి పోర్టు నుంచి ఒక సెషన్, రెండో పోర్టు నుంచి ఇంకో సెషన్ తెరుస్తుంది. ఒకే లన్ రెండు డిస్కుల్లా కనిపిస్తుంది, మల్టీపాత్ డీమన్ వాటి గుర్తింపు సంఖ్య చూసి రెండూ ఒకటేనని పసిగట్టి, కలిపి ఒక్క డిస్కుగా ఇస్తుంది. ఆ కలిపిన డిస్కునే వాడాలి, కింద ఉన్న విడి డిస్కులను ముట్టుకోవద్దు.

రెండు పోర్టులూ ఒకే సబ్‌నెట్‌లో పెట్టే పొరపాటు చాలామంది చేస్తారు. లినక్స్‌లో ఒక పోర్టు ఐపీ కోసం వచ్చిన ఏఆర్‌పీకి (ఈ ఐపీ ఎవరిది అన్న ప్రశ్నకు) ఇంకో పోర్టు జవాబు ఇచ్చేస్తుంది. రెండు దారులు ఉన్నాయని మీరు అనుకుంటూ ఉంటారు, ట్రాఫిక్ అంతా ఒకే తీగ మీద పోతూ ఉంటుంది. ఆ తీగ ఊడిన రోజునే అది బయటపడుతుంది.

స్విచ్ ఒకటే అన్నారు. కుదిరితే రెండోది తీసుకోండి, ఒక్కో వీల్యాన్ ఒక్కో స్విచ్ మీద. స్టోరేజ్ ట్రాఫిక్‌ను మిగతా ఆఫీసు ట్రాఫిక్‌తో కలపొద్దు.

రాత్రి_పహారా | సోమవారం 13:20

నా మాట కాస్త వేరుగా ఉంటుంది. మూడు హోస్టులకు ఐస్కజీ ఎందుకండీ, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచే పద్ధతి) పెట్టి ఊరుకోవచ్చు కదా. మెషీన్ డిస్కు ఒక ఫైలుగా ఉంటుంది, క్యూకౌ2 ఫార్మాట్‌లో స్నాప్‌షాట్లు (డిస్కు ఒక క్షణంలో ఎలా ఉందో దాచిన రూపాలు) దొరుకుతాయి, మల్టీపాత్ గొడవ లేదు, ఎవరో పొరపాటున లన్‌ను ఫార్మాట్ చేస్తారన్న భయం లేదు. నేను రాత్రి షిఫ్టుల్లో ఏళ్ళ తరబడి రెండూ చూశాను. పాడైనప్పుడు సరిచేయడం ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనే తేలిక.

డిస్కుల_లెక్క | సోమవారం 14:05

పహారా గారి మాట కొట్టిపారేసేది కాదు. ప్రాక్స్‌మాక్స్‌లో ఐస్కజీ లన్ మీద అందరికీ ఉమ్మడిగా ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే లినక్స్ పొర) పెడితే ఒక్కో మెషీన్ డిస్కు ఒక్కో లాజికల్ వాల్యూమ్ అవుతుంది, అది ఏ సమయంలో ఏ హోస్టు వాడాలో ప్రాక్స్‌మాక్సే తాళం వేసి చూసుకుంటుంది. బాగానే పనిచేస్తుంది. కానీ అది మామూలు ఎల్‌వీఎం అయి ఉండాలి, థిన్ ఎల్‌వీఎంను (వాడుకను బట్టి చోటు కేటాయించేది) హోస్టుల మధ్య పంచుకోకూడదు. స్నాప్‌షాట్లు కూడా ఇన్నాళ్ళూ లేవు, 9వ వెర్షన్‌లో ప్రయోగాత్మకంగా వచ్చాయి.

మరి ఐస్కజీ ఎప్పుడు మేలు? డేటాబేస్ మెషీన్లు ఎక్కువగా ఉంటే, మల్టీపాత్‌తో రెండు తీగలూ నిజంగా వాడుకోవాలంటే, విండోస్ క్లస్టర్ లాంటిది ఉమ్మడి డిస్కు అడిగితే. కొత్తర్యాక్ గారూ, మీ మెషీన్లలో ఏముంది?

కొత్తర్యాక్ | సోమవారం 15:30

డేటాబేస్ మెషీన్లు నాలుగు, మిగతావన్నీ చిన్న వెబ్ సర్వర్లు. విండోస్ క్లస్టర్ ఒకటి వచ్చే అవకాశం ఉంది. ఐస్కజీతోనే వెళ్తాం. రెండో స్విచ్ కూడా అడిగాను, ఒప్పుకున్నారు. బ్యాకప్‌కు పాత సర్వర్ ఒకటి కేటాయిస్తున్నాం.

కొత్తర్యాక్ | గురువారం 18:40

అమర్చాను, కానీ చిక్కుకుపోయాను. టార్గెట్ కనిపిస్తోంది, లాగిన్ అవుతోంది, లన్ వచ్చింది, ఎల్‌వీఎం సృష్టించడం కూడా అయింది. కానీ మెషీన్ డిస్కు కాపీ మొదలుపెట్టగానే కొన్ని సెకన్లలో ఆగిపోతోంది. లాగ్‌లో పింగ్ టైమవుట్ అని వస్తుంది, సెషన్ తెగుతుంది, మళ్ళీ లాగిన్ అవుతుంది, మళ్ళీ అదే. చిన్న చిన్న పనులు ఎంత సేపైనా బాగానే నడుస్తున్నాయి. డిస్కులు పోతున్నాయేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

తీగల_మనిషి | గురువారం 18:58

డిస్కులు కాదు. ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టారా? హోస్టులోనూ సర్వర్‌లోనూ పెట్టి, స్విచ్‌లో మర్చిపోయి ఉంటారు. లాగిన్, ఎల్‌వీఎం గుర్తులు రాయడం అన్నీ చిన్న ప్యాకెట్లు కాబట్టి దాటిపోతాయి. పెద్ద రాత మొదలవగానే 9000 బైట్ల ఫ్రేములు వెళ్తాయి, స్విచ్ వాటిని మాటా పలుకూ లేకుండా పారేస్తుంది.

ఇలా చూడండి. హోస్టు నుంచి స్టోరేజ్ ఐపీకి పింగ్ కొట్టండి, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్ పెట్టి సైజు 8972 ఇవ్వండి. 9000లోంచి ఐపీ హెడర్‌కు 20, ఐసీఎంపీ హెడర్‌కు 8 తీసేస్తే మిగిలేది అది. అది వెళ్ళకుండా 1472 వెళ్తే సంగతి తేలిపోయినట్టే. ప్రతి హోస్టు నుంచి, రెండు దారుల మీదా విడివిడిగా కొట్టాలి.

కొత్తర్యాక్ | గురువారం 19:25

అదేనండీ! రెండో స్విచ్‌లో జంబో ఫ్రేములు (ఆ 9000 బైట్ల పెద్ద ఫ్రేములు) పెట్టలేదు. 1472 వెళ్ళింది, 8972 వెళ్ళలేదు. సరిచేశాక కాపీ ఆగకుండా పూర్తయింది. రెండు రోజులుగా డిస్కులనే అనుమానిస్తూ కూర్చున్నాను. చాలా థాంక్స్.

తీగల_మనిషి | గురువారం 19:40

సంతోషం. అయినా ఒక మాట, 10 గిగాబిట్ మీద నేటి ప్రాసెసర్లతో 1500 ఎంటీయూ కూడా పెద్దగా వెనకబడదు. కొంత ప్రాసెసర్ పని తగ్గుతుంది, అంతే. ప్రతి స్విచ్ పోర్టులోనూ 9000 ఉందని రేపు కొత్త మనిషి వచ్చినా నిలబెట్టగలరా అని ఆలోచించుకోండి. లేదంటే 1500లోనే ఉండండి. నేనైతే చిన్న చోట్ల 1500తోనే వదిలేస్తున్నాను.

కొత్తర్యాక్ | శుక్రవారం 11:10

ఇంకో వింత. రెండు హోస్టులు చక్కగా ఉన్నాయి. మూడోది కలపగానే అది, రెండోది రెండూ వంతులవారీగా తెగిపోతున్నాయి. ఒకటి లాగిన్ అయితే ఇంకోటి పోతుంది. ఎంటీయూ పరీక్ష అన్ని దారుల్లోనూ బాగానే ఉంది. మూడోదాన్ని ఆపేస్తే అంతా ప్రశాంతం.

రాత్రి_పహారా | శుక్రవారం 11:22

మూడో హోస్టును రెండోదాని బూట్ డిస్కు కాపీ చేసి తయారుచేశారా?

కొత్తర్యాక్ | శుక్రవారం 11:24

అవును! ఎలా కనిపెట్టారు?

రాత్రి_పహారా | శుక్రవారం 11:45

రెండింటికీ ఇనిషియేటర్ పేరు ఒకటే అయి ఉంటుంది. ఐక్యూఎన్ అని ఒక పొడుగాటి పేరు ఉంటుంది చూడండి, ఐస్కజీ ఫోల్డర్‌లో ఇనిషియేటర్ నేమ్ ఫైల్లో. టార్గెట్ హోస్టును గుర్తుపట్టేది ఆ పేరుతోనే, ఐపీతో కాదు. అదే పేరుతో, అదే సెషన్ గుర్తుతో ఇంకో లాగిన్ వస్తే, పాత సెషన్ తెగిపోయి అదే హోస్టు మళ్ళీ వచ్చిందనుకుని పాతదాన్ని మూసేస్తుంది. టార్గెట్ తప్పు కాదది, నియమమే అలా ఉంది. అవతలి హోస్టు తన సెషన్ పోయిందని మళ్ళీ లాగిన్ అవుతుంది, అప్పుడు ఇవతలిది పోతుంది. అలా ఆగకుండా సాగుతూనే ఉంటుంది.

మూడో హోస్టులో ఐస్కజీ సర్వీసు ఆపి, ఐస్కజీ-ఐనేమ్ కమాండ్‌తో కొత్త పేరు పుట్టించి ఆ ఫైల్లో పెట్టండి, తర్వాత టార్గెట్‌లో అనుమతుల జాబితాలో ఆ పేరు చేర్చండి. అన్నట్టు, టార్గెట్‌లో ఎవరొచ్చినా తీసుకో అన్న డెమో మోడ్ పెట్టుకున్నారేమో కూడా చూసుకోండి. ఒక్కో హోస్టు పేరు విడిగా రాసి ఉంటే ఈ సంగతి మొదట్లోనే మీ కళ్ళబడేది. కాపీ కొట్టిన హోస్టులో మెషీన్ ఐడీ కూడా మార్చండి.

సున్నా_బైట్ | శుక్రవారం 21:05

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, కానీ డెమో మోడ్ మాట వచ్చేసరికి రాయాలనిపించింది.

నేను పనిచేసిన ఒక చోట లన్‌కు అనుమతుల జాబితా లేదు. రెండు సర్వర్లకు అదే లన్ కనిపించేది. మొదటి దాంట్లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌తో మౌంట్ అయి ఉంది. రెండో దాంట్లో ఫైళ్ళు ఓసారి చూద్దామని ఒక సహోద్యోగి మౌంట్ చేశాడు. ఏమీ కాలేదు. ఫైళ్ళు కనిపించాయి, ఒక చిన్న ఫైలు కూడా రాశాడు. అన్‌మౌంట్ చేయకుండా వదిలేశాడు. నాలుగు రోజులు ఎవరికీ ఏమీ తెలియలేదు.

లోపల ఏం జరుగుతోందంటే, ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయో ప్రతి కెర్నెల్ తన మెమరీలో తన లెక్క పెట్టుకుంటుంది. రెండో కెర్నెల్ లెక్కలో ఖాళీ అన్న బ్లాకులో మొదటి కెర్నెల్ అప్పటికే డేటా రాసింది. అలా ఒకరి మీద ఒకరు రాసుకుంటూ పోయారు. అయిదో రోజు మొదటి సర్వర్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ అయింది. ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్ నిండా పేరులేని ముక్కలు. బ్యాకప్ అయితే ఉంది, కానీ ఆ నాలుగు రోజుల బ్యాకప్‌లలో కూడా పాడైన ఫైళ్ళే పడ్డాయి. అయిదు రోజుల వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజుల పని మళ్ళీ చేతితో ఎక్కించిన వాళ్ళ ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

మూడు హోస్టులూ ఒకే ఫైల్‌సిస్టమ్‌ను ఒకేసారి వాడాలంటే జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ కావాలి. వీఎంవేర్ వాళ్ళ వీఎంఎఫ్ఎస్ అలాంటిదే. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ అలాంటివి కావు. ఈఎక్స్‌టీ4లో ఎంఎంపీ అని రెండోసారి మౌంట్ కాకుండా అడ్డుపడే సదుపాయం ఉంది, మనం పెట్టుకుంటేనే ఉంటుంది. దయచేసి పెట్టుకోండి, ఏ లన్ ఎవరిదో రాసి పెట్టుకోండి.

డిస్కుల_లెక్క | శుక్రవారం 21:40

ఇది రాసినందుకు కృతజ్ఞతలు. దీనికి దగ్గరి చుట్టం లాంటి ప్రమాదం ఇంకోటి ఉంది. స్టోరేజ్ సర్వర్ తన దగ్గరున్న జెడ్‌వాల్ (జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఇచ్చే డిస్కు) లేదా లాజికల్ వాల్యూమ్‌ను లన్‌గా ఇస్తుంది కదా, హోస్టులు దాని మీద తమ ఎల్‌వీఎం రాస్తాయి. స్టోరేజ్ సర్వర్ రీబూట్ అయినప్పుడు అది కూడా తన డిస్కులను వెతుక్కుంటూ లోపలున్న ఆ హోస్టుల ఎల్‌వీఎంను చూసి తనదే అనుకుని వాడుకలోకి తెచ్చేస్తుంది. తర్వాత టార్గెట్ సర్వీసు ఆ డిస్కు వాడుకలో ఉందని చెప్పి ఎగుమతి చేయదు. ఎల్‌వీఎం కాన్ఫిగ్‌లో గ్లోబల్ ఫిల్టర్ పెట్టి, ఇచ్చేసిన వాల్యూముల లోపలికి తొంగి చూడొద్దని చెప్పాలి. హోస్టుల వైపు కూడా మల్టీపాత్ డిస్కును మాత్రమే చూసేట్టు ఫిల్టర్ ఉంటే మంచిది, లేకపోతే ఒకే పీవీ (ఎల్‌వీఎం వాడే డిస్కు) రెండు చోట్ల ఉందని హెచ్చరికలు వస్తాయి.

కొత్తర్యాక్ | శనివారం 12:15

పేరు మార్చాక మూడు హోస్టులూ నిలకడగా ఉన్నాయి. అనుమతుల జాబితా పెట్టాను. ఇక వేగం సంగతి. వరసగా రాస్తే రెండు తీగలూ నిండుతున్నాయి, కానీ డేటాబేస్ మెషీన్‌లో 4 కేబీ రాతలు ఒక్కొక్కటిగా ఫ్లష్ చేస్తూ (డిస్కు మీద పడేదాకా ఆగుతూ) పరీక్షిస్తే సెకనుకు 8 ఎంబీ కూడా దాటడం లేదు. 10 గిగాబిట్ తీగ మీద 8 ఎంబీ ఏంటండీ? స్టోరేజ్ సర్వర్‌లో జెడ్ఎఫ్ఎస్ ఉంది.

జెడ్‌వాల్యూమ్ | శనివారం 13:00

తీగ వెడల్పుకూ దీనికీ సంబంధం లేదు. ఒక్కో రాత అవతలికి వెళ్ళి, డిస్కు మీద భద్రంగా పడి, సరే అన్న జవాబు తిరిగి రావాలి, ఆ తర్వాతే రెండోది బయల్దేరుతుంది. ఆ రాకపోకకు అర మిల్లీసెకను పట్టిందనుకోండి, సెకనుకు 2000 రాతలు. ఒక్కోటి 4 కేబీ, అంటే 8 ఎంబీ. మీ లెక్క సరిగ్గా అక్కడే ఉంది, ఏదీ పాడవలేదు. 100 గిగాబిట్ కార్డు పెట్టినా ఆ అంకె పెద్దగా పెరగదు. అదే పరీక్షను 32 రాతలు ఒకేసారి గాలిలో ఉండేట్టు నడపండి, తేడా తెలుస్తుంది. నిజమైన డేటాబేస్‌లో చాలామంది ఒకేసారి రాస్తుంటారు కాబట్టి అసలు వాడుక ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి సింక్ డిసేబుల్ చేయమంటారు. చేయొద్దు. అంకె అమాంతం పెరుగుతుంది, ఎందుకంటే డిస్కు మీద పడకముందే పడిందని సర్వర్ అబద్ధం చెబుతుంది. కరెంటు పోయిన క్షణాన, రాశామని డేటాబేస్ నమ్మిన లావాదేవీలు ఉండవు. నిజంగా వేగం కావాలంటే కరెంటు పోయినా డేటా నిలుపుకునే కెపాసిటర్లున్న ఎస్ఎస్‌డీని స్లాగ్‌గా (ఇలాంటి రాతలను ముందుగా భద్రపరిచే డిస్కుగా) పెట్టండి.

జెడ్‌వాల్ బ్లాక్ సైజు కూడా సృష్టించేటప్పుడే చూసుకోవాలి, తర్వాత మార్చలేరు. పాత వెర్షన్లలో 8 కే, ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ 2.2 నుంచి 16 కే దానంతట అదే వస్తుంది. పలచగా (థిన్‌గా) కేటాయించిన జెడ్‌వాల్ అయితే పూల్ (డిస్కులన్నీ కలిపిన చోటు) ఎంత నిండిందో రోజూ గమనించండి. పూల్ నిండితే హోస్టులకు ఖాళీ ఉన్నట్టే కనిపిస్తూ రాతలు విఫలమవుతాయి, మెషీన్లన్నీ ఒక్కసారిగా రీడ్ ఓన్లీలోకి పోతాయి. మెషీన్లలో డిస్కార్డ్ (చెరిపిన చోటు ఖాళీ అని కిందికి చెప్పే సదుపాయం) పెట్టుకుని వారానికోసారి ఎఫ్ఎస్‌ట్రిమ్ నడిపించండి. కానీ మీరు మధ్యలో ఎల్‌వీఎం పెట్టారు కాబట్టి మెషీన్‌ను తుడిచేసినప్పుడు ఆ ఖాళీ తనంతట తాను కిందికి చేరదు, అది కూడా గుర్తుంచుకోండి.

రాత్రి_పహారా | శనివారం 20:30

వేగం కంటే ముందు తీగ పీకే పరీక్ష చేయండి. అసలు డేటా ఎక్కకముందే. ఒక మెషీన్‌లో నిరంతరం రాత నడిపిస్తూ మొదట ఒక తీగ, తర్వాత ఒక స్విచ్, తర్వాత స్టోరేజ్ సర్వర్‌నే రీబూట్. ప్రతిసారీ ఎన్ని సెకన్లు ఆగిందో రాసి పెట్టుకోండి.

ఓపెన్-ఐస్కజీలో రీప్లేస్‌మెంట్ టైమవుట్ మామూలుగా 120 సెకన్లు ఉంటుంది. దారి తెగిందని 5 సెకన్లకోసారి కొట్టే పింగ్‌తో తెలిసినా, ఆ 120 సెకన్లూ సెషన్ తిరిగొస్తుందేమోనని ఎదురుచూస్తూ పనిని పట్టుకుని కూర్చుంటుంది, పక్కనే రెండో దారి ఖాళీగా ఉన్నా సరే. మల్టీపాత్ ఉన్నప్పుడు దాన్ని 5 సెకన్లకు తగ్గించాలి. మల్టీపాత్ లేని చోట మాత్రం తగ్గించొద్దు, అక్కడ ఎదురుచూడటమే మంచిది.

రెండు దారులూ పోతే ఏం చేయాలన్నది వేరే నిర్ణయం. ఎప్పటికీ క్యూలో పెట్టమంటే మెషీన్లు ఎర్రర్ చూడవు, కానీ స్టోరేజ్ తిరిగి రాకపోతే ఆ ప్రాసెస్‌లను చంపడం కూడా కుదరదు, హోస్టును బలవంతంగా ఆపాల్సిందే. నేను మల్టీపాత్‌లో నో పాత్ రీట్రైకి (దారి లేనప్పుడు ఎన్నిసార్లు మళ్ళీ చూడాలన్నదానికి) అంకె ఇస్తాను. 5 సెకన్లకోసారి తనిఖీ ఉన్నప్పుడు 60 ఇస్తే 5 నిమిషాలు ఆగుతుంది, స్టోరేజ్ సర్వర్ రీబూట్ అయి రావడానికి ఆ సమయం సరిపోతుంది.

ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో మౌంట్ చేయాల్సినవాటి జాబితాలో) నేరుగా మౌంట్ చేసేవి ఏవైనా ఉంటే నెట్‌డెవ్ ఆప్షన్ మర్చిపోవద్దు. లేకపోతే నెట్‌వర్క్ రాకముందే డిస్కు కోసం వెతికి బూట్ అక్కడే ఆగిపోతుంది.

కొత్త_తీగ | ఆదివారం 09:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఛాప్ పాస్‌వర్డ్ పెడితే భద్రంగా ఉన్నట్టేనా? ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు ఐస్కజీ బదులు ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీకి (ఎన్‌వీఎంఈ డిస్కుల కమాండ్లను నెట్‌వర్క్ మీద పంపే పద్ధతికి) వెళ్ళొచ్చా?

డిస్కుల_లెక్క | ఆదివారం 10:00

ఛాప్ ఎవరు లాగిన్ అవుతున్నారో తేల్చుకోవడానికే, తీగ మీద వెళ్ళే డేటాను దాచదు. అందుకే విడి వీల్యాన్, రూటింగ్ లేకుండా. పెట్టుకోవడం మంచిదే, పొరపాటున వేరే హోస్టు లాగిన్ కాకుండా ఆపుతుంది. విండోస్ ఇనిషియేటర్ అయితే పాస్‌వర్డ్ 12 నుంచి 16 అక్షరాల మధ్య ఉండాలి.

ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీ లినక్స్‌లో 2019లో వచ్చిన 5.0 కెర్నెల్ నుంచి ఉంది. స్కజీ పొర ఉండదు, క్యూలు ఎక్కువ, రాకపోక సమయం తగ్గుతుంది. వెనక ఎన్‌వీఎంఈ డిస్కులుంటే ఆలోచించదగ్గదే. తిరిగే డిస్కులైతే ఆ తేడా కనబడదు. మీ హైపర్‌వైజర్‌లో (ప్రాక్స్‌మాక్స్ లాంటిది) దాన్ని అమర్చుకునే వీలు ఎంతవరకు ఉందో ముందు చూసుకోండి.

కొత్తర్యాక్ | బుధవారం 17:50

పరీక్షలు అయ్యాయి. టైమవుట్ తగ్గించకముందు ఒక తీగ పీకితే రాత 130 సెకన్ల దాకా ఆగింది. తగ్గించాక 15 సెకన్లలోపే రెండో దారి అందుకుంది. మొదటి స్విచ్ ఆపినా అంతే. రెండో స్విచ్ ఆపినప్పుడు మాత్రం రెండో హోస్టు పూర్తిగా ఆగిపోయింది. వెళ్ళి చూస్తే దాని రెండు తీగలూ ఆ స్విచ్‌లోకే వెళ్తున్నాయి, కేబుళ్ళు బిగించిన రోజున మేమే తప్పు పోర్టులో పెట్టాం. సరిచేసి ప్రతి తీగకూ రెండు చివరలా చీటీ అంటించాను. స్టోరేజ్ సర్వర్ రీబూట్‌లో మెషీన్లు దాదాపు 4 నిమిషాలు ఆగి, ఏ ఎర్రర్ లేకుండా మళ్ళీ కదిలాయి. స్లాగ్‌కు ఎస్ఎస్‌డీ ఆర్డర్ పెట్టాం. ఈ వారం వెబ్ మెషీన్లు రెండు మారుస్తున్నాను, డేటాబేస్‌లు స్లాగ్ వచ్చాకే.

రాత్రి_పహారా | బుధవారం 18:05

ఆ తప్పు పోర్టు ఇప్పుడే దొరికింది, అది చాలు. డేటాబేస్‌లు మార్చే ముందు బ్యాకప్ నుంచి ఒక మెషీన్‌ను నిజంగా తిరిగి లేపి చూడండి. అది అయ్యాక ఇక్కడ రాయండి.